గూడు, ఉట్టి, అటక: మా సీమ ఇరుకిళ్ళ చరిత్ర

‘ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం’ అన్న సామెతను ఉద్యోగకాలమంతా తరగతి గదుల్లో చెబుతూ వచ్చాను. పిల్లలు రెండవ సగానికి నవ్వేవారు. (ఈ సామెత కట్టినవాడు మగవాడేనని వేరే చెప్పనక్కరలేదు. ఆ ఇరుకింట్లో రోజంతా మెసలవలసిన ఇల్లాలిని ఎవరూ అడిగినట్లు లేదు.) నన్ను మాత్రం మొదటి సగమే ఆలోచింపజేసేది. ఎంత చోటు తక్కువైతే ఇల్లు ఇరకటమవుతుంది? చోటు తక్కువైనప్పుడు మన పెద్దలు ఏం చేశారు?

ఈ మధ్య ఏ పత్రిక తెరిచినా చిన్న ఇంటిని పొందికగా సర్దుకోవడం, గోడలను అలంకరించుకోవడం గురించి ఒక పుట ఉంటోంది. అపార్టుమెంట్లు వచ్చిన తరువాతనే మనుషులకు ఈ చిక్కు వచ్చిపడినట్లు అందులో వ్రాస్తారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ బ్రతుకంతా గడిపినవాడిగా నేను దీనికి ఒప్పుకోలేను. మా వైపు సామాన్యుడి ఇల్లు ఎప్పుడూ చిన్నదే. ఆ చిన్న ఇంట్లోనే కరువుకు దాచిన గింజలు, మగ్గం, పట్టుపురుగులు, పది మంది మనుషులు ఇమిడారు. ఎలా ఇమిడారన్నది కూడా చరిత్రే అని నా అభిప్రాయం.

మామూలుగా మా ప్రాంత చరిత్ర అంటే పెనుకొండ కోటతో మొదలుపెడతారు. సంస్కృతంలో ఘనగిరి అన్నారు. పెను అంటే పెద్ద, అర్థం ఒకటే. 1565లో రాక్షసి-తంగడి యుద్ధంలో రామరాయలు పడిపోగా, ఆయన తమ్ముడు తిరుమల రాయలు విజయనగరం విడిచి ఈ కొండ కిందికి వచ్చాడు. రాబర్ట్ సూయల్ 1900లో ప్రచురించిన విజయనగర చరిత్రలో, అప్పుడు 550 ఏనుగుల మీద బంగారం, రత్నాలు, రాజలాంఛనాలు తరలిపోయాయని వ్రాశాడు. ఆ లెక్క నిజమైతే మన దేశంలో అంత పెద్ద ఎత్తున ఇల్లు మారినవారు మరొకరు ఉండరు! మహానగరంలో పరచుకొని ఉన్న రాచకుటుంబం ఒక కొండకోటలో సర్దుకోవలసి వచ్చింది. ఇప్పటికీ నిలిచి ఉన్న గగన్ మహలు చూసినవారు దాని కమానులను, శిఖరాన్ని మెచ్చుకొంటారు. నాకు అది చూసినప్పుడల్లా, హంపీ శిథిలాల విస్తీర్ణం ముందు ఇదెంత అనిపిస్తుంది. ఆ ఏనుగుల వెనుక నడిచి వచ్చిన మామూలు జనం ఏం మోసుకొచ్చారో, ఏ గుడిసెలో దించుకొన్నారో ఏ శాసనమూ చెప్పదు. శాసనాలు గుళ్ళకు, అగ్రహారాలకు వ్రాశారు గాని, ఉట్టికీ అటకకూ ఎవరు వ్రాస్తారు?

కాబట్టి శాసనాలు వదిలి ఇంటి గోడనే చదవాలి.

మా ప్రాంతపు పాత ఇళ్ళు మిద్దెలు. కోస్తా మిత్రులు మిద్దె అనగానే మేడ అనుకొంటారు. మాకు మిద్దె అంటే చదునైన మట్టికప్పు గల ఇల్లు. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటిపై కట్టెలో బండలో పరిచి, ఆపైన మట్టి, అన్నింటికీ మీద చవుడు. వానకాలానికి ముందు ప్రతి ఏటా కొత్త చవుడు ఎక్కించకపోతే ఇల్లు కారుతుంది. అంత బరువు మోయాలి కనుక గోడలు రాయీ మట్టీ కలిపి సుమారు రెండడుగుల మందాన కట్టేవారు. ఆ మందమే వేసవిలో చల్లదనం. వెలుతురుకూ పొగ పోవడానికీ కప్పులో ఒక రంధ్రం, అది గవాక్షి. తరగతిలో ‘గవాక్షము’ అన్న మాటకు అర్థం అడిగితే పట్నపు పిల్లలు కిటికీ అనేవారు. పల్లెల నుంచి వచ్చే పిల్లలు చేయి పైకెత్తి కప్పు చూపించేవారు. నిఘంటువు మొదటివారి పక్షాన ఉంది. నేను ఇద్దరికీ మార్కులు వేసేవాణ్ణి.

ఇక అసలు సంగతి. రెండడుగుల గోడ ఎంత చోటు మింగుతుందో లెక్క కట్టి చూడండి. బయట కొలత 20 అడుగులు, 15 అడుగులు ఉన్న ఇల్లు అనుకొందాం. మొత్తం 300 చదరపు అడుగులు. నాలుగు వైపులా రెండడుగుల చొప్పున గోడ పోతే లోపల మిగిలేది 16 అడుగులు, 11 అడుగులు, అంటే 176. నూట ఇరవై నాలుగు చదరపు అడుగులు గోడకే సమర్పణం! అంత చోటు ఊరికే పోనిస్తారా? గోడ మందంలోనే గూళ్ళు విడిచి కట్టారు. వాకిలి పక్కన దీపపు గూడు. పడసాలలో దేవుని గూడు. వంటింట్లో ఉప్పు, చింతపండు, పోపు సామాను గూళ్ళు. పొయ్యి పక్కన అగ్గిపెట్టె పట్టేంత చిన్న గూడు. మా అవ్వ మంచం తలవైపున్న గూట్లో ఆకువక్కల సంచి, దాని వెనుక చిల్లర డబ్బులు ఉండేవి. గూటికి తలుపు పెడితే అదే గోడ అలమర. ఈ ‘అలమర’ పోర్చుగీసువారి ‘ఆర్మారియో’ నుంచి వచ్చింది. దాని వెనుకనున్న లాటిను మాటకు ఆయుధాలు దాచే చోటని అర్థం. ఆయుధశాల మా వంటింట్లో ఆవకాయశాల అయింది.

గూడు అనే మాట ఎంత చక్కనిదో చూడండి. పక్షిది గూడు. గోడలోది గూడు. పట్టుపురుగు తన చుట్టూ తాను అల్లుకొనేదీ గూడే. ఒదిగి ఉండడానికి సరిపడేంత, అంతకు మించని చోటు అన్న భావం మూడింటిలోనూ ఉంది.

గోడ తరువాత కప్పు. నేల మీద చోటు లేనివారు పైకి చూడక తప్పదు. దంతెల కింద కొయ్య పలకలు పరిచి అటక చేసేవారు (పక్కనున్న కన్నడసీమలో అట్ట అంటారు, సంస్కృతంలో మేడపై గదికి అట్టమని పేరు). ఏడాదికొకసారి వాడే గంగాళాలు, పెళ్ళి బిందెలు, బొమ్మల కొలువు పెట్టె అటక మీద. పాలు, పెరుగు, వెన్న దూలానికి వేలాడే ఉట్టిలో. ‘ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట’ అన్న సామెత నేటి పిల్లలకు వివరించాలంటే ముందు ఉట్టి అంటే ఏమిటో బొమ్మ గీసి చూపాలి. పిల్లి, చీమ, చంటిపిల్లవాడు, ముగ్గురికీ అందకుండా గాలి తగిలేటట్లు పదార్థాన్ని నిలువ చేసే సాధనం అంతకంటె తేలికైనది నేను చూడలేదు. ఇప్పుడు బెంగుళూరు అంగళ్ళలో అదే అల్లికను పూలకుండీ వేలాడదీసే అలంకారమని చెప్పి మంచి వెలకు అమ్ముతున్నారు. కొనేవాళ్ళలో మా హిందూపురం వాళ్ళు కూడా ఉన్నారు.

గోడకు చిలుకకొయ్యలు, వాటికి చొక్కాలు, సంచులు. ఒక మూల నుంచి మరొక మూలకు దండెం, దాని మీద చీరలు, దుప్పట్లు. వంటింటి మూలలో దొంతి: అడుగున పెద్ద కుండ, దానిపై చిన్నది, దానిపై ఇంకా చిన్నది, చుట్టకుదురు మీద కదలకుండా. ఏడు కుండల సామాను ఒక కుండ చోటులో నిలబడేది. మూడవ కుండలోని కందిపప్పు కావాలంటే పై రెండూ దించాలి గదా, అదేం సుఖం అని అడగవచ్చు. నిజమే. చోటు మిగిల్చుకొన్నవాడు శ్రమతో వెల చెల్లిస్తాడు. ఆ శ్రమ ఇల్లాలిదే గనుక మగవారు దాన్ని లెక్కలో వేయలేదు.

ఇంతగా దాచుకోవడం ముచ్చట కోసం కాదు. మాది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల, అదీ పడిన ఏడు. 1876లో వచ్చిన ధాత సంవత్సరం పేరు మీద ‘ధాత కరువు’ అని ఇప్పటికీ అంటారు. 1878 దాకా దక్షిణదేశాన్ని కాల్చిన కరువు అది. ఒక ఏటి పంట మూడేళ్ళు తినవలసి వస్తుందని తెలిసినవాళ్ళు ఇల్లు కట్టేటప్పుడు నిద్రపోయే చోటు కంటె ముందు గింజల చోటు చూసుకొంటారు. మనిషెత్తు మట్టి వాడె, వెదురుతో అల్లి పేడతో అలికిన గుమ్మి, అవి చాలకపోతే నేల కింద పాతర. పాతరలో రాగులు ఏళ్ళ తరబడి చెడవు. పురుగు పట్టనంత చిన్న గింజ అది. గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, గింజ నింపి, మీద బండ మూసి మన్నుతో మెత్తేవారు. తెరిచిన వెంటనే దిగకూడదు. ముందు దీపం దింపి చూసి, అది ఆరకుండా ఉంటేనే మనిషిని దింపాలి. లోపల నిలువ ఉన్న చెడుగాలికి ప్రాణాలు పోయిన సంగతులు పెద్దలు చెప్పేవారు. పాతర మీదనే చాప పరుచుకొని మేము పడుకొనేవాళ్ళం. అంటే మా ఇంట్లో ఒకే చోటు కింద ధాన్యాగారం, పైన పడకగది, పగలు పడసాల, పెద్దల పండుగనాడు భోజనశాల.

అలంకారం మాట? పేదయిల్లు కనుక అలంకారం ఉండదనుకోవడం పొరపాటు. గోడకు సున్నం, అడుగున మోకాలెత్తు ఎర్రమన్ను పట్టీ. ఆ పట్టీ అందానికే కాదు, వానచినుకుల మరకలు, ఒరుసుకొని కూర్చొనేవారి వీపుల మురికి కనబడకుండా కూడా. గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు. ఇవి కుంచం చోటు కూడా ఆక్రమించవు. ఇరుకింటికి తగిన అలంకారం చదునుగా ఉండాలి. 1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయం పెట్టిన తరువాత లక్ష్మీ సరస్వతుల పటాలు దేశమంతా పాకి మా పడసాలలకూ చేరాయి. తలుపుల పైన వరుసగా, కాస్త ముందుకు వంచి కట్టేవారు. అలా వంచితే కింద కూర్చొన్నవారికి దేవుడు సూటిగా కనబడతాడు, పటం వెనుక ఉత్తరాలు, పన్ను రశీదులు దోపుకోవచ్చు. మా ఇంటి పత్రాలన్నీ చాలాకాలం సరస్వతి వెనుకనే ఉండేవి. చదువులతల్లికి అది తగిన కొలువే.

పైకప్పును అలంకరించే తెలివికి గురువెక్కడో వెదకనక్కరలేదు. హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయంలో నేలంతా జనానికి వదిలి, బొమ్మలన్నీ కప్పు మీద వేశారు. అక్కడి స్త్రీల చీరల అంచులు, లతామండపం స్తంభాల మీది పూలతీగెలు చూసి నేతగాళ్ళు, అద్దకం వాళ్ళు నమూనాలు గీసుకొన్నారు.

1890ల్లో గుంతకల్లు నుంచి బెంగుళూరుకు రైలు పడింది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఆ దారిలోవే. రైలుతో వచ్చిన వస్తువుల్లో చరిత్రకారులు పట్టించుకోనిది ఒకటుంది: నాలుగు గ్యాలన్ల కిరసనాయిలు డబ్బా. నూనె అయిపోయాక కడిగి, ఎండబెట్టి, మూత చేయించుకొంటే ఎలుక కొరకలేని, ఒకదానిపై ఒకటి నిలబడే చదరపు గాదె! కుండల దొంతిని ఓడించింది ఈ డబ్బానే అని నా నమ్మకం. తరువాత రేకు పెట్టె మంచం కిందికి చేరింది. 1923 నుంచి గోద్రెజ్ వారు ఇనుప బీరువాలు చేయసాగారు గాని, మా వంటి ఇళ్ళకు అది కట్నంలో భాగంగా రావడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. బీరువా రాకతో ఒక మార్పు జరిగింది. అంతవరకు సామాను గోడలో ఉండేది. ఇప్పుడు గోడ ముందుకు వచ్చి నిలబడింది.

హిందూపురం చుట్టుపక్కల ఇళ్ళలో మనిషికంటె ఎక్కువ చోటు అడిగిన అతిథి పట్టుపురుగు. గుడ్డు పగిలినది మొదలు గూడు కట్టేవరకు సుమారు 25 రోజులు. మొదట ఒక చేట చాలు. చివరి దశలో అవి తినే ఆకుకూ, పరుచుకొనే చోటుకూ అంతు ఉండదు. మొత్తం తిండిలో నూటికి ఎనభై వంతులకు పైగా ఆ చివరి వారంలోనే. వేరుగా షెడ్లు కట్టుకోలేనివారు ఇంట్లోనే తట్టలు అంతస్తులుగా పేర్చేవారు. పడసాల పురుగులకు, జగలి మనుషులకు. ఇంట్లో పోపు ఘాటు, అగరుబత్తి పొగ కూడదు. పురుగులు ఆకు నమిలే చప్పుడు రాత్రి వాన పడుతున్నట్లు వినిపించేది. పండిన పురుగులను వెదురు చంద్రికల మీదికి ఎక్కించి గోడలకు ఆనించేవారు. రెండు మూడు రోజుల్లో గోడ పొడవునా తెల్లగా, పచ్చగా గూళ్ళు. అంతకంటె అందమైన గోడను నేను చూడలేదు. ఆ గూళ్ళు హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు వెళ్ళిన మరునాడు పిల్లలు మళ్ళీ ఇంట్లో పడుకొని, బడికి నిద్రమత్తు లేకుండా వచ్చేవారు.

ఆ దారం చేరే చోట్లలో ధర్మవరం ఒకటి. చిన్న ఇంటి సమస్య పరాకాష్ఠకు చేరేదీ అక్కడే. గుంట మగ్గం కదిలే వస్తువు కాదు. నేలలో గుంట, దానిలో నేతగాని కాళ్ళ కింద తొక్కుడు పలకలు. పైన దూలానికి దగ్గరగా జాకార్డు పెట్టె. ముందు గది పొడవునా సాగిన పడుగు. ఇంట్లో మంచి గది, వెలుతురున్న గది మగ్గానిదే. మనుషులు మిగిలిన చోటులో. నా విద్యార్థి ఒకడు మగ్గం గుంట అంచున కూర్చొని చదువుకొనేవాడు; నాన్న నాడె విసిరే చప్పుడు ఆగితే తనకు చదువు సాగదని చెప్పాడు. పట్టుకు పొగ పడదు, చెమ్మ పడదు, ఎలుక పడదు. అందుచేత ఇంట్లో ఉన్న ఒకే ఒక మంచి పెట్టె బట్టలకు కాదు, పట్టుకూ జరీకీ. శుభకార్యం వస్తే గుంట మీద పలకలు పరిచి దానిపైనే విస్తళ్ళు వేసేవారు. పెద్ద వాన పడితే గుంటలోకి నీరు ఊరుతుంది; ఆరేవరకు పని లేదు, పని లేని రోజులకు కూలి లేదు.

ఇప్పుడు ఆ ఇళ్ళు మారుతున్నాయి. మారాలి కూడా; కారే మిద్దె కింద బ్రతికినవాడు ఎవడూ దాన్ని కీర్తించడు. కాని కొత్త ఇంటి కొలతలు చూడండి. 2020 డిసెంబరులో మొదలైన పేదల ఇళ్ళ పథకంలో పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర స్థలం ఇచ్చారు. ఇల్లు 340 చదరపు అడుగులు. టిడ్కో అపార్టుమెంట్లలో 300, 365, 430 అడుగుల ఫ్లాట్లు. పాత లెక్కనే మళ్ళీ వేద్దాం. అదే 20, 15 అడుగుల ఇంటికి తొమ్మిది అంగుళాల ఇటుక గోడ అయితే లోపల సుమారు 250 అడుగులు దొరుకుతుంది. మిద్దె కంటె 74 అడుగులు ఎక్కువ. మరి ఇరుకు ఎందుకు? తొమ్మిది అంగుళాల గోడలో గూడు దిగదు. గదుల మధ్య నాలుగున్నర అంగుళాల గోడలో అసలే దిగదు. గోడలో ఉన్నదంతా నేల మీదికి వచ్చింది. మంచం, బీరువా, ఫ్రిజ్, టీవీ బల్ల కలిసి ఆ 74 అడుగులను తినేస్తాయి. సిమెంటు కప్పు కింద సజ్జ ఒకటి మిగిలింది, అటకకు వారసురాలు. దాని కింద కడప బండ అరలు. మా పాత ఉమ్మడి జిల్లా తాడిపత్రి బండ, పొరుగు కడప బండ దేశమంతటా వంటిళ్ళలో అరలయ్యాయన్నది ఈ కథలో నాకు సంతోషం కలిగించే ముక్క.

మగ్గం మాత్రం ఏ అరలోనూ ఇమడదు. మూడవ అంతస్తులో గుంట తవ్వలేరు. నేల మీద నిలిచే స్టాండు మగ్గాలు ఉన్నాయి గాని, జాకార్డుతో కలిపి దానికి ఎత్తు కావాలి, పొడవు కావాలి. 365 అడుగుల ఫ్లాటులో అది నిలబడితే మనుషులు వరండాలో ఉండాలి. పై ఇంటి మగ్గం చప్పుడును కింది ఇంటివారు సహించాలి. నేతన్నకు సొంత మగ్గం ఒట్టి పనిముట్టు కాదు, గుర్తింపు పత్రం కూడా. 2019 డిసెంబరు 21న ధర్మవరంలో మొదలైన నేతన్న నేస్తం పథకం కింద ఏడాదికి 24 వేల రూపాయలు సొంత మగ్గం ఉన్న కుటుంబాలకే ఇచ్చారు. పక్కా ఇల్లు కోసం మగ్గం వదిలినవాడు అటువంటి జాబితా నుంచి జారిపోతాడు. మగ్గం కోసం కారే ఇంట్లోనే ఉన్నవాడికి పట్టు తడుస్తుంది. మరమగ్గాల పోటీ, అప్పులు ఒక వైపు నుంచి తరుముతుంటే రెండవ వైపు ఇంటి కొలత. ఇల్లు గీసే ఇంజనీరు ధర్మవరానికి ఒక పటం, హిందూపురానికి ఒక పటం గీస్తే ఏం పోయింది? నేల అంతస్తులో నేతవారికి ఎత్తయిన కప్పుతో ఒక గది ఉంచడం అసాధ్యమైన విద్యా?

చోటు లేక చేతిపని తన రూపం మార్చుకొన్న ఉదాహరణ ధర్మవరం మండలంలోనే ఉంది. నిమ్మలకుంట తోలుబొమ్మలు రాత్రంతా ఆడే రామాయణ, భారతాలకు చేసినవి. తెర, దీపం, ఊరి బయలు కావాలి. ఆటలు పిలిచేవారు తగ్గాక అవే చేతులు మేకతోలు మీద అవే రంగులతో దీపపు గొడుగులు, గోడకు తగిలించే పటాలు చేయసాగాయి. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ దీపపు గొడుగు బెంగుళూరు ఫ్లాటులో ఒక మూల వెలుగుతుంటే హనుమంతుడి నీడ గోడ మీద పడుతుంది. రావణుడికి మాత్రం చోటు లేదు. పది తలలకు గొడుగు పెద్దది కావాలి, కొనేవారు అడగరు.

మా వైపు ధాన్యపు మట్టిజాడీని వాడె అంటాము, ఎత్తరుగును జగలి అంటాము. గోదావరి, పలనాడు, ఓరుగల్లు వైపు మిత్రులు తమ ఇళ్ళలో వీటిని ఏమని పిలిచేవారో తెలిపితే వ్రాసిపెట్టుకొంటాను. చుట్టకుదురుకు మాత్రం నాకు ఇప్పటికే నాలుగు పేర్లు దొరికాయి.